ఒడంబడిక, సంఖ్యాబలం, రాజధాని: కర్నూలు (1953–56) – ఒక పరిశీలన

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న కాలం 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు, అంటే మూడు సంవత్సరాల ఒక నెల. ఈ స్వల్పకాలాన్ని చరిత్ర రచనలు సాధారణంగా రెండు విధాలుగా వివరిస్తాయి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను పెద్దలు గౌరవించినందువల్ల రాజధాని రాయలసీమకు వచ్చిందన్నది మొదటి వివరణ. విశాలాంధ్ర కోసం రాయలసీమ చేసిన త్యాగం వల్ల అది హైదరాబాదుకు తరలిందన్నది రెండవది. రెండు వివరణలూ నైతిక భాషలోనే నడుస్తాయి: ఒకటి మాట నిలుపుకోవడాన్ని గురించి, మరొకటి త్యాగాన్ని గురించి మాట్లాడుతుంది. ఆ మూడేళ్ల శాసనసభలో పార్టీల బలాబలాలు ఎలా ఉండేవి, కూటములు ఎలా కట్టబడ్డాయి, ఎలా విడిపోయాయి అన్న ప్రశ్న ఈ భాష చాటున ఉండిపోయింది. ఏ పక్షానికీ ఆధిక్యం లేని సభలో శ్రీబాగ్ షరతులు అమలుకు నోచుకున్నాయనీ, తిరుగులేని ఆధిక్యం గల కూటమి ఏర్పడిన తరువాత అవే షరతులు ప్రస్తావన కూడా లేకుండా జారిపోయాయనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేపథ్యం: పేరు, భయం, ఒడంబడిక

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతానికి దత్త మండలమన్న పేరు స్థిరపడింది. కర్నూలు అప్పటికి నవాబుల పాలనలోనే ఉండి, 1839లో కంపెనీ అధీనమైంది. ఇతరులు ఇచ్చివేసిన నేల అన్న అర్థం వచ్చే ఈ పేరును వదిలి, 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భాన చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించిన ‘రాయలసీమ’ అన్న పేరును ఆ ప్రాంతం స్వీకరించింది. పేరు మార్పు వెనుక ఆత్మగౌరవ స్పృహ ఎంత ఉందో, కోస్తా జిల్లాలతో కలిసి నడిచేటప్పుడు తన ఉనికి ఏమవుతుందోనన్న ఆందోళన కూడా అంతే ఉంది.

ఆ ఆందోళనకు తక్షణ కారణం విశ్వవిద్యాలయం. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినప్పుడు దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్న వివాదం తలెత్తింది. అనంతపురం ఆశలు నెరవేరలేదు. బెజవాడలో మొదలైన విశ్వవిద్యాలయం చివరకు వాల్తేరు చేరింది. దత్త మండల జిల్లాల కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయం పరిధిలోనే ఉండిపోయాయి. రేపు రాష్ట్రమే ఏర్పడితే ఇదే జరగదా అన్న ప్రశ్న రాయలసీమ నాయకులలో బలపడింది.

ఈ ప్రశ్నకు సమాధానంగా 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నివాసమైన శ్రీబాగ్‌లో ఒడంబడిక కుదిరింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, పప్పూరి రామాచార్యులు, హెచ్. సీతారామరెడ్డి మొదలైనవారు దీనిపై సంతకాలు చేశారు. ఇందులో ప్రధానమైనవి నాలుగు అంశాలు. వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. తుంగభద్ర, కృష్ణ, పెన్నా జలాల వినియోగంలో పదేళ్లపాటు, అవసరమైతే అంతకన్నా ఎక్కువ కాలం, రాయలసీమకు ప్రాధాన్యం ఇవ్వాలి. శాసనసభ స్థానాలను జిల్లాల ప్రాతిపదికన సమానంగా పంచాలి. రాజధాని, హైకోర్టు ఒకే చోట ఉండరాదు. ఒకటి కోస్తాలో, మరొకటి రాయలసీమలో ఉండాలి. ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమది.

ఇది చట్టం కాదన్న సంగతి ముఖ్యమైనది. సంతకాలు చేసినవారి మాట తప్ప దీని వెనుక మరే అధికారమూ లేదు. ఒడంబడిక అన్న పదమే ఇరుపక్షాలు ఒడబడడాన్ని, అంటే సమ్మతించడాన్ని సూచిస్తుంది. ఊరి పెద్దల ఎదుట కుదిరిన మాటకు ఊరే సాక్షి. మాట తప్పితే నలుగురిలో పరువు పోతుంది. రాష్ట్ర రాజకీయాలలో అలాంటి సాక్షి ఎవరు? ఈ ప్రశ్న 1937లో ఎదురుకాలేదు. ఎన్నికలే దానిని ముందుకు తెచ్చాయి.

1952: ఆధిక్యం లేని సభ

వయోజన ఓటు హక్కుతో 1952లో జరిగిన తొలి ఎన్నికలలో ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 375 స్థానాలకు గాను కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. కమ్యూనిస్టులు, కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీ, మరికొన్ని పక్షాలు కలిసి ఐక్య ప్రజాస్వామ్య సంఘటనగా ఏర్పడి, టంగుటూరి ప్రకాశం పంతులు నాయకత్వంలో తమకు 166 మంది బలం ఉందని ప్రకటించాయి. అయినా గవర్నరు శ్రీప్రకాశ రాజగోపాలాచారిని ఆహ్వానించారు. సంఖ్యలు ఎవరివైనా ముందుగా ఎవరిని పిలుస్తారన్నది నిర్ణాయకం కాగలదని తెలుగు శాసనసభ్యులకు అప్పుడే అనుభవమైంది.

ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాలలో పరిస్థితి మరింత తీవ్రం. కాంగ్రెసుకు 43, కమ్యూనిస్టులకు 41 స్థానాలు వచ్చాయి. అంటే అతి పెద్ద పార్టీ బలం సభలో మూడింట ఒక వంతు కూడా లేదు. మిగిలిన స్థానాలలో ప్రజా పార్టీవారు, ఆచార్య రంగా స్థాపించిన కృషికార్ లోక్ పార్టీవారు, స్వతంత్రులు ఉన్నారు. కమ్యూనిస్టుల ప్రధాన బలం కృష్ణా, గుంటూరు, గోదావరి మండలాలలో కేంద్రీకృతమైనా, రాయలసీమ కాంగ్రెసు కోట అనడానికి వీలులేదు. అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి ఓడించారు. ఇలాంటి సభలో ఏ చిన్న సమూహం పక్కకు జరిగినా ప్రభుత్వం నిలవదు.

1953: మద్రాసు నుంచి కర్నూలుకు

1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ, నాలుగు రోజుల తరువాత నెహ్రూ ప్రకటన, వాంఛూ నివేదిక, 1953 మార్చిలో పార్లమెంటులో తుది ప్రకటన అందరికీ తెలిసిన క్రమమే. ఈ క్రమంలో మద్రాసు నగరం వివాదం ప్రత్యేకంగా గమనించదగినది. నగరంపై తెలుగువారి హక్కును తమిళ నాయకులు తిరస్కరించారు. నాటి మేయరు టి. చెంగల్వరాయన్, తమిళ ఉద్యమ నాయకుడు ఎం.పి. శివజ్ఞానం ప్రభావంతో మద్రాసు నగరసభ కూడా ఈ వివాదంలో పక్షం వహించింది. ఒక నగరపాలక సంస్థ తన నగరం ఏ రాష్ట్రానిదో చెప్పగలిగిన సందర్భమది. కర్నూలుకు అలాంటి అవకాశం రాలేదు. ఆ పట్టణం రాజధాని అవుతుందా లేదా అన్నది అక్కడి పురపాలక సంఘంలో కాక, మద్రాసులో సమావేశమైన శాసనసభ్యుల మధ్య తేలింది.

రాజధాని ఆంధ్ర సరిహద్దులలోనే ఉండాలని కేంద్రం స్పష్టం చేయడంతో స్థల నిర్ణయం పార్టీల పోటీగా మారింది. కమ్యూనిస్టులు విజయవాడ–గుంటూరు ప్రాంతాన్ని కోరారు. జనసాంద్రత, రవాణా సౌకర్యాలు, మధ్యస్థ స్థానం వారి వాదానికి బలం. ఆ ప్రాంతం వారి రాజకీయ కేంద్రం కూడా. తిరుపతి పేరూ వినిపించింది. రాయలసీమ కాంగ్రెసు నాయకులు శ్రీబాగ్ షరతును ముందుకు తెచ్చారు. ఒడంబడిక ప్రకారం కోరుకునే హక్కు తమదని, తాము రాజధానినే కోరుకుంటున్నామని వారు వాదించారు. 1953 జూన్‌లో ప్రకాశం పంతులు కర్నూలును ప్రకటించారు.

ఈ నిర్ణయాన్ని కేవలం మాట నిలుపుకోవడంగా చూస్తే ఒక ప్రశ్న మిగులుతుంది. శ్రీబాగ్ ఒడంబడిక కాంగ్రెసు, ఆంధ్ర మహాసభ వర్గాల నాయకుల మధ్య కుదిరినది. 1953 సభలో వారికి ఆధిక్యం లేదు. మరి అది ఎలా నెగ్గింది? ప్రకాశం ప్రజా సోషలిస్టు పార్టీని వీడి కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి కావలసి ఉంది. కాంగ్రెసు శాసనసభా పక్షంలో సంజీవరెడ్డి వంటి రాయలసీమ నాయకుల స్థానం కీలకం. వారిని దూరం చేసుకున్న ఏ కూటమీ 71 మంది బలం కూడగట్టలేదు. కమ్యూనిస్టులు విజయవాడ పక్షాన నిలవడం వల్ల, వారి ప్రత్యర్థులంతా కర్నూలు చుట్టూ చేరడానికి మరొక కారణం కూడా దొరికింది. ఒడంబడిక వాదానికి న్యాయాన్ని సమకూర్చింది. ఆ న్యాయానికి ఓట్లు సమకూర్చినది 1952 నాటి ఫలితం.

సన్నని ఆధిక్యం, అమలైన షరతులు

1953 అక్టోబరు 1న నెహ్రూ కర్నూలులో ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రారంభించారు. ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి అయ్యారు. శ్రీబాగ్ ఒడంబడికపై సంతకం చేసిన కడప కోటిరెడ్డి, కర్నూలు జిల్లాకు చెందిన దామోదరం సంజీవయ్య మంత్రివర్గంలో ఉన్నారు. భవనాలు చాలక ప్రభుత్వ కార్యాలయాలు గుడారాలలో నడిచాయి. రాజధాని పేరు చెబితే గుడారాలే గుర్తుకు రావడం ఆనాటి ఉద్యోగుల జ్ఞాపకాలలో స్థిరపడిపోయింది.

ఈ కూటమి ప్రభుత్వం ఆయుష్షు పదమూడు నెలలు. అంత తక్కువ వ్యవధిలో జరిగిన పనులను ఒక వరుసలో పెడితే ఆసక్తికరమైన అంశం బయటపడుతుంది. రాజధాని కర్నూలుకు వచ్చింది. 1954 జూలైలో హైకోర్టు గుంటూరులో మొదలైంది. అదే సంవత్సరం సెప్టెంబరులో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. విశ్వవిద్యాలయం విషయంలో శ్రీబాగ్ చెప్పినది అనంతపురమే అయినా, రాయలసీమకు ఉన్నత విద్యాకేంద్రం కావాలన్న మూలోద్దేశం నెరవేరింది. నాలుగు అంశాలలో రెండు, పూర్తిగానో సవరణతోనో, ఈ పదమూడు నెలలలోనే ఆచరణకు వచ్చాయి. ప్రభుత్వం ఎంత బలహీనమైతే అది ఇచ్చిన మాటకు అంత కట్టుబడవలసి వచ్చిందని దీని సారాంశం.

ఆ బలహీనతే ప్రభుత్వాన్ని పడగొట్టింది కూడా. మద్యనిషేధం విషయంలో రామమూర్తి సంఘం చేసిన సిఫారసులను ప్రభుత్వం ఆమోదించకపోవడంపై 1954 నవంబరులో వచ్చిన అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. సభ రద్దయి రాష్ట్రపతి పాలన వచ్చింది.

1955: తిరుగులేని కూటమి

1955 ఫిబ్రవరి మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెసు, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఒకే కూటమిగా నిలిచాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న అంచనా దేశమంతా వ్యాపించిన సమయమది. పత్రికలు, రచయితలు రెండుగా చీలిపోయారు. నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలోని ‘ఆంధ్రప్రభ’ కమ్యూనిస్టు వ్యతిరేక ప్రచారంలో ముందు నిలిచింది. ‘విశాలాంధ్ర’ దినపత్రిక ఎదురుపక్షం. శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ప్రచారం చేశారు. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ ఎన్నికకు ఉన్న స్థానం దృష్ట్యా దీనిపై వ్యాఖ్యానాలకు కొదవలేదు. కాని ఆ వ్యాఖ్యానాలలో ఎక్కువ భాగం కమ్యూనిస్టుల ఓటమిని గురించినవే. రాయలసీమ దృష్టితో చూస్తే ఈ ఫలితానికి మరో అర్థం ఉంది.

196 స్థానాలలో కాంగ్రెసుకు 119, కృషికార్ లోక్ పార్టీకి 22, ప్రజా పార్టీకి 5 వచ్చాయి. కూటమి మొత్తం 146. కమ్యూనిస్టులకు 15, ప్రజా సోషలిస్టులకు 13, స్వతంత్రులకు 22. కమ్యూనిస్టులకు పోలైన ఓట్లలో 31 శాతానికి పైగా దక్కినా, స్థానాలలో వారి వాటా 8 శాతానికి చేరలేదు. సుమారు సగం ఓట్లతో కూటమి నాలుగింట మూడు వంతుల సభను గెలుచుకుంది. ప్రత్యర్థుల ఓట్లు చీలిపోకుండా ఒకచోట చేర్చిన పొత్తు ఫలితమిది.

1955 మార్చిలో బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ప్రభుత్వం ఏ ప్రాంతపు శాసనసభ్యుల సమూహంపైనా ఆధారపడి లేదు. ఎవరు అలిగినా సభలో ఆధిక్యం చెదరదు. 1953లో రాయలసీమ నాయకులకు బేరమాడే శక్తినిచ్చిన సంఖ్యాపరమైన ఇరుకు ఇప్పుడు లేదు.

1955–56: కొత్త వాగ్దానం, పాత మౌనం

1955 సెప్టెంబరు 30న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం తన నివేదికను సమర్పించింది. తెలంగాణను కొంతకాలం హైదరాబాదు రాష్ట్రంగా కొనసాగించి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అక్కడి శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే విలీనం చేయవచ్చునని సూచించింది. ఆంధ్ర నాయకత్వం వెంటనే విలీనాన్నే కోరింది. కమ్యూనిస్టులు 1940ల నుంచి విశాలాంధ్రవాదులే. పుచ్చలపల్లి సుందరయ్య 1946లోనే ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ రాశారు. కాబట్టి 1953లో రాజధాని విషయంలో ఎదురెదురుగా నిలిచిన ప్రధాన పక్షాలు 1955 నాటికి ఒకే మాట మీద ఉన్నాయి. పార్టీల మధ్య పోటీ ఉన్నప్పుడు కర్నూలుకు ఒక పక్షం దొరికింది. ఆ పోటీ తొలగిపోయాక కర్నూలు తరఫున నిలిచే కూటమి లేకుండా పోయింది.

1955 నవంబరు 25న ఆంధ్ర శాసనసభ ఒక తీర్మానం చేసింది. విలీనమైతే తెలంగాణ అభివృద్ధిని ప్రత్యేక బాధ్యతగా భావిస్తామని, ఉద్యోగాలలో, విద్యలో జనాభాను అనుసరించి మూడో వంతు రక్షణ కల్పిస్తామని సభ హామీ ఇచ్చింది. ఈ తీర్మానం ఆమోదం పొందినది కర్నూలులో. ఒక ప్రాంతానికి ఇచ్చిన మాట పునాదిగా వెలసిన రాజధానిలో కూర్చున్న సభ మరో ప్రాంతానికి కొత్త మాట ఇచ్చింది. తన పునాది అయిన పాత మాట సంగతి అందులో లేదు.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలోనూ ఇదే మౌనం కనిపిస్తుంది. ఆంధ్ర పక్షాన గోపాలరెడ్డి, సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు; తెలంగాణ పక్షాన బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు పాల్గొన్నారు. ఈ జాబితా నిర్మాణమే గమనార్హం. చర్చ ఆంధ్ర, తెలంగాణ అనే రెండు పక్షాల మధ్య జరిగింది. రాయలసీమ మూడవ పక్షంగా లేదు. అనంతపురం జిల్లాకు చెందిన సంజీవరెడ్డి అక్కడ ఉన్నది ఆంధ్ర నాయకుడిగా. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆయనే తొలి ముఖ్యమంత్రి అయ్యారు. పదవి సీమకు వచ్చింది, సంస్థలు సీమను వీడాయి. సచివాలయం కర్నూలు నుంచి, హైకోర్టు గుంటూరు నుంచి ఒకే నగరానికి చేరాయి. ఆ రెండూ ఒకేచోట ఉండరాదన్న శ్రీబాగ్ సూత్రం దీనితో ముగిసింది.

భవనాల వాదం

ఈ విశ్లేషణకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. హైదరాబాదు సిద్ధంగా ఉన్న రాజధాని. అక్కడ శాసనసభ, సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయ భవనాలు ఉన్నాయి. కర్నూలులో గుడారాలున్నాయి. పెద్ద రాష్ట్రం ఏర్పడ్డాక గుడారాల పట్టణాన్ని ఎవరు ఎంచుకుంటారు? పాలనా సౌలభ్యం దృష్ట్యా ఈ వాదాన్ని తోసిపుచ్చలేము. అయితే శ్రీబాగ్ కోరినది అన్ని సంస్థలూ తమకే కావాలని కాదు, ఒకేచోట పోగుపడరాదని. రాజధాని హైదరాబాదులో ఉన్నా హైకోర్టును సీమలో పెట్టడానికి భవనాల కొరత అడ్డంకి కాజాలదు. గుంటూరులో 1954లో హైకోర్టు ఏ పరిస్థితులలో మొదలైందో అందరికీ తెలుసు. ఆ ప్రత్యామ్నాయం ఒప్పందంలోకి రాకపోవడానికి కారణం దానిని అడిగి సాధించగల సంఖ్యాబలం లేకపోవడమే.

దక్షిణాఫ్రికా ఉదాహరణ ఇక్కడ ఉపకరిస్తుంది. 1910లో నాలుగు వలస రాజ్యాలు ఒకటైనప్పుడు కార్యనిర్వాహక శాఖ ప్రిటోరియాలో, శాసన శాఖ కేప్‌టౌన్‌లో, ఉన్నత న్యాయస్థానం బ్లూంఫాంటెయిన్‌లో ఉండేలా రాజీ కుదిరింది. ఆ రాజీ 1909 నాటి చట్టంలోనే చేరింది కనుక తరువాతి ప్రభుత్వాల బలాబలాలకు అతీతంగా నిలిచింది. శ్రీబాగ్ ఒడంబడికకు అలాంటి చట్టరూపం ఎన్నడూ రాలేదు.

తరువాతి కాలం

2014 విభజన తరువాత రాజధాని ప్రశ్న మళ్లీ తెరుచుకుంది. శ్రీబాగ్ పేరు మళ్లీ వినిపించింది. అమరావతి ఎంపిక, 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా పేర్కొంటూ వచ్చిన చట్టం, 2021 నవంబరులో దాని ఉపసంహరణ, 2024 తరువాత అమరావతి పనుల పునఃప్రారంభం సమీప చరిత్ర. 2019లో అధికార పక్షానికి 175లో 151 స్థానాలు; 2024లో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీల కూటమికి 164. రెండు సభలూ 1955 సభనే తలపిస్తాయి. రెండింటిలోనూ రాజధాని అధికార పక్షపు సంకల్పాన్ని బట్టి మారింది. ఏ ప్రాంతానికీ బేరమాడే ఇరుకు దొరకలేదు.

నగరపాలక సంస్థలలోనూ ఈ ప్రభావం కనిపించింది. 2021 మార్చి పురపాలక ఎన్నికలు రాజధానుల వివాదం నడుమ జరిగాయి. అమరావతికి ఇరువైపులా ఉన్న విజయవాడ, గుంటూరులలోనూ, ప్రతిపాదిత రాజధానులైన విశాఖపట్నం, కర్నూలులోనూ ఒకే పక్షం గెలిచింది. విశాఖపట్నంలోని 98 వార్డులలో దానికి 58 దక్కాయి. రాష్ట్రంలో అధికారం మారిన తరువాత, 2025 ఏప్రిల్‌లో అదే నగరసభలో మేయరుపై అవిశ్వాసం నెగ్గి పీఠం కూటమికి చేరింది. మధ్యలో ఓటరు మళ్లీ ఓటు వేయలేదు. సభలోని లెక్క మాత్రమే మారింది.

ఈ కాలంలో రాయలసీమకు దక్కినవాటిలో కడప జిల్లా ఒంటిమిట్టది ప్రత్యేక స్థానం. భద్రాచలం తెలంగాణలో ఉండిపోవడంతో 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వ శ్రీరామనవమి ఉత్సవాలకు ఒంటిమిట్ట కోదండరామాలయం వేదికైంది. ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానాలకు చేరింది. ప్రాంతీయ సంస్కృతికి ఇది తగిన గౌరవమే. అయితే గౌరవానికీ హక్కుకూ తేడా ఉంది. ఉత్సవాన్ని ప్రభుత్వం తన ఇష్టంతో ప్రకటించగలదు. శ్రీబాగ్ కోరినవి ప్రభుత్వ ఇష్టంతో నిమిత్తం లేకుండా ఉండవలసిన సంస్థలు, జలాలు.

ముగింపు

1956లో విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ వెలువడింది. సీమ కరువును తెలుగు కవిత్వంలో స్థిరపరచిన ఆ కావ్యమూ, సీమ నుంచి రాజధాని తరలిపోవడమూ ఒకే సంవత్సరానికి చెందినవి. సాహిత్య పరిశోధన ఈ ప్రాంతాన్ని ఎక్కువగా ప్రకృతి శాపంగా, కరువుగా చదువుతూ వచ్చింది. శాసనసభ లెక్కల పక్కన పెట్టి చదివితే ఆ కరువుకు రాజకీయ పార్శ్వం కూడా కనిపిస్తుంది. నాలుగు షరతులలో జలాలకు సంబంధించినదే అన్నిటికన్నా ప్రాణప్రదమైనది. అదే అన్నిటికన్నా తక్కువ అమలైనది.

‘త్యాగం’ అన్న పదాన్ని ఈ నేపథ్యంలో పునఃపరిశీలించాలి. త్యాగం చేయడానికి ముందు నిరాకరించే శక్తి ఉండాలి. 1953లో రాయలసీమకు ఆ శక్తి ఉంది, అప్పుడు అది త్యాగం చేయలేదు, అడిగి తీసుకుంది. 1956లో ఆ శక్తి లేదు. అప్పుడు జరిగినదానిని త్యాగమనడం, అడిగే వీలు లేకపోవడాన్ని ఔదార్యంగా పేర్కొనడమే అవుతుంది. కర్నూలు రాజధాని చరిత్రను మాట నిలుపుకున్న కథగానో, వదులుకున్న కథగానో కాక, చట్టరూపం పొందని ఒడంబడిక ఓట్ల లెక్కపై ఎంతకాలం నిలుస్తుందో చూపే నిదర్శనంగా చదవవలసి ఉంది.